మందు ఒక్కటే మాన్పిస్తే సరిపోదు: డీ-అడిక్షన్ కేంద్రాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో డీ-అడిక్షన్ కేంద్రాలు నడుపుతున్న నిర్వాహకులకు, అక్కడి వైద్యులకు;
ప్రతి: రెండు జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు.

అయ్యా, అమ్మా,

విజయవాడ, గుంటూరుల్లో తాగుడు మాన్పించే వార్డుల్లో, కేంద్రాల్లో కౌన్సెలర్లుగా, నర్సులుగా, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లుగా పనిచేస్తున్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మన దగ్గరికి వచ్చిన మనిషిని ఎంత తాగుతున్నావని అడుగుతున్నాం. ఏం తట్టుకోలేక తాగుతున్నావని అడగడం లేదు. అందుకే పది రోజులకు బాగయ్యి ఇంటికెళ్లినవాడు నెల తిరక్కుండా మళ్లీ అదే మంచం మీద కనిపిస్తున్నాడు. అతను మాట తప్పాడని ఇంట్లోవాళ్లు అంటారు, మనమూ అంటాం. చాలామంది విషయంలో తప్పింది మాట కాదు, వైద్యంలో సగం.

మన కేస్‌షీట్లు ఒకసారి తీసి చూడండి. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు, రోజుకు ఎన్ని క్వార్టర్లు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఫిట్స్ వచ్చాయా, కామెర్లు ఉన్నాయా అని ఉంటుంది. ఇవన్నీ కావలసినవే. ఆ కింద ఎక్కడో ఒక మూల ‘నిద్ర లేదు’ అని ఒక్క మాట ఉంటుంది, దాని ఎదురుగా నిద్రమాత్ర పేరు రాసి ఉంటుంది. ఎందుకు నిద్ర లేదు, ఏ కల వచ్చి లేస్తున్నాడు, లేచాక ఏం చేస్తున్నాడు అన్న మూడు ప్రశ్నలకు ఆ కాగితంలో చోటు లేదు.

భయంకరమైనది కళ్లారా చూసినవాళ్లకు, ఒంటి మీదికి వచ్చినవాళ్లకు మనసులో మిగిలిపోయే జబ్బును పీటీఎస్‌డీ అంటున్నాం. 1980లోనే అమెరికా మానసిక వైద్యుల జాబితాలో దానికి పేరు పెట్టారు. మన రెండు ఊళ్లలో అది ఎవరికి రావచ్చో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. హైవే మీద ప్రమాదాలు చూసిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు. పట్టాల మీద శవాలు తీసే రైల్వే సిబ్బంది, కృష్ణలో మునిగినవాళ్లను బయటికి తెచ్చే జాలర్లు, పోలీసులు. చిన్నప్పుడు తండ్రి తల్లిని కొడుతుంటే మంచం కింద దాక్కున్న పిల్లలు, ఇప్పుడు వాళ్లే పెద్దవాళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లో చీకట్లో, మెడల్లోతు నీళ్లలో గడిపినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ జబ్బు వస్తుందని కాదు. ఎక్కువమంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. నెల దాటినా ఆ దృశ్యం కళ్ల ముందు తిరుగుతూ, ఆ చోటును, ఆ మాటను తప్పించుకు తిరుగుతూ, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ, అయినవాళ్ల మీద మమకారం మొద్దుబారిపోయి ఉంటే అప్పుడు అది జబ్బు. తాగుడుకు బానిసైనవాళ్లలో ఇది మిగతా జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక రాత్రుల సంగతి. ఈ లేఖలో మీరు ఒక్క పేరా మాత్రమే చదువుతారంటే ఇది చదవండి. మద్యం నిద్రలో కలలొచ్చే దశను అణిచేస్తుంది. పీడకలలతో సతమతమయ్యే మనిషికి పడుకునే ముందు ఒక క్వార్టర్ వేస్తే రాత్రి మొదటి సగం కలలు లేకుండా గడుస్తుంది. అందుకే ‘తాగితే కలలు రావు సార్’ అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. మందు ఆపగానే, ఏళ్ల తరబడి అణిగి ఉన్న ఆ దశ ఒక్కసారిగా ఎగదన్నుకొస్తుంది. మన వార్డులో రెండో రాత్రి నుంచి కలలు మునుపటికన్నా చిక్కగా, స్పష్టంగా వస్తాయి. ఈ కలల ఉధృతి కొన్నాళ్లకు తగ్గినా నిద్ర పూర్తిగా దారికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పదో రోజున డిశ్చార్జి చేస్తే నిద్ర ఇంకా చెదిరి ఉండగానే ఇంటికి పంపుతున్నామన్నమాట. ఇలా అవుతుందని, ఇది కొంతకాలమే ఉంటుందని అతనికి ముందే చెబితే చాలామంది ఓర్చుకుంటారు. చెప్పకపోతే, మందు మానడం వల్లే తనకు పిచ్చెక్కుతోందని అనుకుంటాడు.

మొదటి వారంలో ఇంకో చిక్కుంది. మందు ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, దడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. లేనివి కనిపించి, ఏ రోజో, ఏ తేదీయో మరిచి, ఒళ్లు కాలిపోయే ప్రమాదకర స్థితి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ముంచుకొస్తుంది. చెమట, దడ, నిద్రలేమి, ఉలికిపాటు పీటీఎస్‌డీలోనూ ఉంటాయి. కాబట్టి ఆ మొదటి రోజుల్లో ‘ఇతనికి పీటీఎస్‌డీ’ అని ముద్ర వేయకూడదు, ‘అదంతా విత్‌డ్రాయలే’, అంటే మందు ఆపినందుకు వచ్చే బాధే అని కొట్టిపారేయనూ కూడదు. విత్‌డ్రాయల్ తీవ్రతను కొలిచే పది అంశాల పట్టిక సీవా ఉంది కదా, మొత్తం 67 మార్కులు. దాన్ని రోజుకు మూడు నాలుగు సార్లు వేయండి. మార్కులు పడిపోయిన తర్వాత కూడా ఉలికిపాటు, కలలు అలాగే ఉంటే అప్పుడు అది వేరే ఖాతా. మరో మాట: మానడం, మళ్లీ తాగడం, మళ్లీ ఆపడం జరిగిన ప్రతిసారీ తర్వాతి విత్‌డ్రాయల్ మునుపటికన్నా గట్టిగా వచ్చే అవకాశం పెరుగుతుంది. మూడోసారి, నాలుగోసారి చేరినవాడిని ‘పాత కేసే’ అని తేలిగ్గా తీసుకోవడం అందుకే ప్రమాదం.

కొలతల్లో కూడా పొరపాటు జరుగుతోంది. ‘రోజుకు ఒకటే సార్’ అన్నది రాసుకుని ఊరుకుంటున్నాం. 42.8 శాతం ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, పది గ్రాములను ఒక ప్రమాణంగా (స్టాండర్డ్ డ్రింకుగా) లెక్కిస్తే ఆరు ప్రమాణాలు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతం అయితే, నాలుగు ప్రమాణాలు. కేస్‌షీటులో బాటిళ్లు కాదు, ఈ అంకె ఉండాలి. మాత్రల మోతాదు వేసేవాళ్లకు అదీ ఒక ఆధారం.

ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి? నాలుగైదు రోజులు గడిచి మనిషి తెరిపిన పడ్డాక, విడిగా, తలుపు దగ్గరేసి, ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టి అడగాలి. భార్య పక్కనుండగా ఏ మగవాడూ భయం గురించి చెప్పడు. భర్త పక్కనుండగా దెబ్బల గురించి ఏ ఆడమనిషీ చెప్పదు. ‘జీవితంలో ఎప్పుడైనా ప్రాణం పోతుందనిపించిన ఘటనగానీ, మరొకరి ప్రాణం పోవడంగానీ, కొట్టడం, బలవంతం చేయడం లాంటివిగానీ జరిగాయా?’ అని అడిగి, అవునంటే చాలు. ఏం జరిగిందో వివరాలు అప్పుడే తవ్వకండి. తర్వాత గడిచిన నెల రోజుల గురించి ఐదు ప్రశ్నలు: దాని మీద పీడకలలుగానీ, వద్దన్నా ఆలోచనలుగానీ వస్తున్నాయా? దాన్ని తలచుకోకుండా, గుర్తుచేసే చోట్లకు పోకుండా ఉండటానికి పాట్లు పడుతున్నావా? ఎప్పుడూ ఎవరో మీదికొస్తున్నట్టు కాపలా కాస్తున్నట్టుగా, చిన్నదానికే ఉలిక్కిపడుతూ ఉన్నావా? మనుషులంటే, పనులంటే, చుట్టూ ఉన్నవాటంటే మొద్దుబారినట్టుందా? జరిగినదానికి నిన్నుగానీ ఇంకొకరినిగానీ నిందించుకోవడం ఆపలేకపోతున్నావా? మూడు ‘అవును’లు వస్తే ఆ పేరు వేరే పుస్తకంలో ఎక్కాలి. ఐదు నిమిషాల పని ఇది. ఇరవై ప్రశ్నల పూర్తి పట్టిక పీసీఎల్-5, 80 మార్కులది, మందు ఆపిన మూడు నాలుగు వారాలకు వేయాలి. అందులో 31 నుంచి 33 దాటితే సైకియాట్రిస్టు కూర్చుని పరీక్షించాలి. మార్కులే రోగ నిర్ధారణ కాదు.

ఇక దుడుకుతనం. దీన్ని మనం గుణం కింద జమకట్టేస్తున్నాం. ‘వాడిది మొదట్నుంచీ దుడుకే’ అంటారు ఇంట్లోవాళ్లు, మనమూ తలూపుతాం. అది ఒకటి కాదు, కనీసం మూడు వేరు వేరు సంగతులు. ఒకటి, మనసు కష్టపడ్డప్పుడు ముందూ వెనకా చూడకుండా చేసేయడం. బావమరిది ఒక మాట అన్నాడు, చెప్పులేసుకుని నేరుగా షాపుకే పోయాడు. రెండోది, రేపటి పెద్ద లాభం కన్నా ఇప్పటి చిన్న సుఖమే బరువుగా తోచడం. శనివారం బట్వాడా అందగానే పిల్లాడి స్కూలు ఫీజు గుర్తుంటుంది, కానీ సాయంత్రం క్వార్టర్ దానికన్నా దగ్గరగా ఉంటుంది. మూడోది, మొదలెట్టాక ఆపలేకపోవడం. ఒక పెగ్గని కూర్చుంటాడు, సీసా అయ్యేదాకా లేవడు. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో మొదటి రకం ముఖ్యంగా గట్టిగా ఉంటుంది. ప్రమాదం పొంచి ఉందని లోపలి గంట ఎప్పుడూ మోగుతూ ఉంటే ఆలోచించే తీరిక దొరకదు. ఆపే పని చేయాల్సిన మెదడు ముందుభాగాన్ని ఏళ్ల తాగుడు ఇంకా బలహీనపరుస్తుంది. తాగితే దుడుకు పెరుగుతుంది, దుడుకు వల్ల మళ్లీ తాగుతాడు.

దీన్ని కొలవడానికి 30 ప్రశ్నల బారట్ పట్టిక ఉంది. అది చేతిలో లేకపోయినా ‘కోపం వచ్చిన తర్వాత పది నిమిషాల్లో ఏం చేస్తావు?’ అన్న ఒక్క ప్రశ్న చాలా చెబుతుంది. అయితే దుడుకుతనమంతా తాగుడు, మనసుకు తగిలిన గాయాల వల్లేనని తేల్చేయకండి. బైక్ మీద పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు మన దగ్గర ఎంతమందో. ఆ దెబ్బ తర్వాతే మనిషి మారాడా అని ఇంట్లోవాళ్లను అడగాలి. చిన్నప్పటి నుంచీ కుదురు లేనివాళ్లు, ఉన్మాదపు జోరుతో నిద్రే అక్కర్లేకుండా తిరిగేవాళ్లు కూడా ఇందులో కలిసిపోతారు. కాలేయం చెడి మెదడుకు విషం ఎక్కినవాడు అర్థంపర్థం లేకుండా మాట్లాడుతుంటే దాన్ని దురుసుతనం అనుకుని కట్టేసిన సందర్భాలు జరగకూడదు.

మాటలతో హితబోధ చేస్తే దుడుకుతనం తగ్గదు. ఆ క్షణంలో హితబోధ గుర్తుకు రాదు. ముందే కట్టిపెట్టిన చిన్న ఏర్పాట్లు పనిచేస్తాయి. ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని రోగి నోటితోనే, రోగి మాటల్లోనే రాయించండి. ‘నిగ్రహంగా ఉంటాను’ అని రాస్తే పనికిరాదు. ‘ఇంట్లో మాటా మాటా పెరిగితే చొక్కా వేసుకుని మా అన్న ఇంటికి నడిచి వెళ్తాను, ఫోన్ ఇంట్లో పెట్టి’ అని రాస్తే పనికొస్తుంది, ఎందుకంటే దారి, మనిషి, చేయాల్సిన పని మూడూ అందులో ఉన్నాయి. అలాంటివి మూడు చాలు. జేబులో పట్టే కార్డు మీద రాసి, డిశ్చార్జికి ముందు రోజూ చదివించండి, నటింపజేయండి. తాగాలన్న యావ సాధారణంగా ఇరవై ముప్పై నిమిషాల్లో ఎక్కి దిగుతుంది. దాన్ని ఎదిరించనక్కర్లేదు, దిగేదాకా చేతులకు పని ఉంటే చాలు. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోవడం, కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు, వినిపిస్తున్న నాలుగు చప్పుళ్లు పైకి చెప్పడం వంటివి పాత దృశ్యంలోంచి మనిషిని ఇప్పటి గదిలోకి తెస్తాయి. మిరపయార్డులో, ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లకైతే ఇంటికెళ్లే దారి మార్చించండి. ఫోన్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించండి. కూలి డబ్బు ఎవరి చేతికి పోవాలన్నది రోగి ఇష్టంతోనే తేల్చండి. బలవంతంగా భార్య చేతికి మార్పిస్తే ఆ రాత్రి దెబ్బలు ఆమెకు తగులుతాయి.

మాత్రల గురించి కొన్ని మాటలే. థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా ‘బలానికి’ గ్లూకోజు సెలైన్ ఎక్కించడం ఇంకా జరుగుతోంది. అది మెదడుకు కోలుకోలేని దెబ్బ కావచ్చు. థయామిన్ ముందు పడాలి. వణుకు తగ్గించే డయజిపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేయాలి. పీటీఎస్‌డీకి అవి మందు కావు, నెలల తరబడి వాడితే మరో అలవాటు అంటుకుంటుంది. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు ఇచ్చేముందు కాలేయ పరీక్ష చేయించండి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతున్నాడేమో కనుక్కోండి. ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లు వాటి మీదే ఉంటారు. మానినవాళ్లు మళ్లీ తాగకుండా తోడ్పడే అకాంప్రొసేట్ 333 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి మూడు పూటలు వేయాలి, కిడ్నీలు బాగుంటేనే. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్‌ను సాంబారులో, కాఫీలో రహస్యంగా కలపమని ఇంట్లోవాళ్లకు సలహా ఇవ్వడం దయచేసి మానండి. దాని ప్రభావం చివరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఉండొచ్చు. దుడుకుగా తాగేసే మనిషికి తెలియకుండా పెడితే బీపీ పడిపోయి ప్రాణాలే పోవచ్చు.

‘ముందు ఆరు నెలలు మానెయ్, తర్వాత ఆ పాత సంగతులు చూద్దాం’ అనే మాట మన కేంద్రాల్లో సూత్రంలా చలామణి అవుతోంది. దానికి ఆధారం లేదు. తాగుడు, పీటీఎస్‌డీ రెండూ ఉన్న 165 మందిపై అమెరికాలో జరిగి 2013లో జామా వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, మనసు గాయాన్ని నేరుగా ఎదుర్కొనే చికిత్స తీసుకున్నవాళ్ల తాగుడు పెరగలేదు. నాల్ట్రెక్సోన్ వాడినవాళ్లు తాగిన రోజులు తగ్గాయి. అయితే ఆ చికిత్స శిక్షణ పొందిన మనస్తత్వవేత్త, వారానికి ఒకసారి, ఒక్కో విడత గంటన్నర చొప్పున చేసేది. శిక్షణ లేకుండా ఎవరూ మొదలెట్టకూడదు. ముఖ్యంగా గ్రూపు మీటింగులో అందరి ముందు నిలబెట్టి ‘నీకేం జరిగిందో చెప్పు’ అనకండి. కథ మొదలెట్టి మధ్యలో గంట కొడితే, ఆ మనిషి ఆ రాత్రి ఎలా గడుపుతాడో ఎవరూ చూడరు.

కొన్ని చోట్ల అర్ధరాత్రి వ్యాను వేసుకొచ్చి నలుగురు పట్టుకుని ఎత్తుకుపోతున్నారు, కొడుతున్నారు, గొలుసుతో మంచానికి కట్టేస్తున్నారు. అప్పటికే గాయం ఉన్న మనిషికి ఇది రెండో గాయం. చట్టరీత్యా నేరం కూడా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచనంలో మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులూ ఉన్నాయి. అదే చట్టంలోని 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది, 97వ సెక్షన్ ఒంటరి గదిలో బంధించడాన్ని నిషేధించింది. రోగి ఇష్టం లేకుండా చేర్చుకోవడానికి 89వ సెక్షన్ పెట్టిన షరతులు, ముప్పై రోజుల గడువు ఉన్నాయి. కుటుంబం సంతకం పెడితే చాలదు. కలెక్టర్లు తనిఖీకి వెళ్లినప్పుడు లైసెన్సు కాగితంతో పాటు మంచాల కాళ్లూ, లోపలి గదుల గడియలూ చూడాలని మా విన్నపం.

గుంటూరు చుట్టుపక్కల మిరప, పత్తి పండే ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త ఎన్నిసార్లు చెప్పినా చాలదు. దుడుకుతనం, తాగుడు, గాయం మూడూ కలిసినచోట ఆత్మహత్యాయత్నం చాలాసార్లు పథకం వేసుకుని జరగదు, ఆలోచనకు, చేతకు మధ్య కొన్నిసార్లు నిమిషాలే ఉంటాయి. ఆ నిమిషాల్లో చేతికందే దూరంలో పురుగుమందు ఉండకూడదు. డిశ్చార్జి రోజే ఇంట్లోవాళ్లను ‘మందు డబ్బాలు ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర?’ అని అడగండి. పొలం దగ్గరి షెడ్డులో తాళం వేయించండి, లేదా పక్కింటివాళ్ల దగ్గర పెట్టించండి. మన మాత్రలూ నెలవి ఒకేసారి ఇవ్వకండి, వారానివే ఇవ్వండి. ‘చావాలనిపిస్తోందా’ అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడగండి. రాత్రిపూట ఫోన్ చేయడానికి టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్లకు 14446 ఉంది. ఈ రెండు నంబర్లూ ఆ జేబు కార్డు వెనక రాయించండి.

ఆడవాళ్ల గురించి: మన కేంద్రాల్లో వాళ్లకు విడిగా మంచాలు, విడిగా స్నానాల గది, ఆడ కౌన్సెలర్ లేనంత కాలం తాగే ఆడవాళ్లు రారు. వచ్చేవాళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కువ.

కలెక్టర్లను, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను మేం అడిగేవి డబ్బు ఎక్కువ అక్కర్లేనివే. ప్రతి కేంద్రం కేస్‌షీటులో గాయం మీద ఆ ఐదు ప్రశ్నలు, దుడుకుతనం మీద ఒక పేజీ తప్పనిసరి చేయండి. రెండు జిల్లాల కేంద్రాల్లోని కౌన్సెలర్లకు విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో శిక్షణ ఏర్పాటు చేయండి. శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు కనీసం వారానికి రెండు రోజులైనా ప్రతి కేంద్రానికి వచ్చేలా చూడండి. డిశ్చార్జి అయినవాళ్లకు ఏడో రోజు, పద్నాలుగో రోజు, ముప్పయ్యో రోజు ఫోన్ చేసినట్టు రిజిస్టరు పెట్టించండి, ఫోన్‌కు దొరక్కపోతే ఆ వార్డు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూడాలి. మొదటి మూడు నెలలే అసలు గండం. తనిఖీలో ఎన్ని మంచాలు నిండాయో కాక, మూడో నెలలో ఎంతమంది తిరిగి ఓపీకి వచ్చారో అడగండి. నిర్వాహకులు మాకు ఏ రోజు, ఏ గంట చెప్పినా వచ్చి మీ సిబ్బందికి ఈ ప్రశ్నలు వేయడం, ఆ కార్డు రాయించడం చేసి చూపిస్తాం.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు డీ-అడిక్షన్, మానసిక వైద్య సేవల్లో పనిచేస్తున్న కొందరు కౌన్సెలర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు